ఓపెన్ ఆడిషన్‌లో వణుకు, పోటీ భయం: నటులు వీటిని ఎలా ఎదుర్కొంటారు?

ప్రశ్న — కొత్త ముఖం

నమస్కారం. కొన్నేళ్లుగా నాటకాలలో నటిస్తున్న నేను ఈ మధ్య సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు జరిగే, ఎవరైనా వెళ్లి నటించి చూపించగల ఓపెన్ ఆడిషన్లకు వెళ్లడం మొదలుపెట్టాను. నిండిన ప్రేక్షకశాల ముందు నిలబడినప్పుడు రాని భయం, ముగ్గురు మనుషులూ ఒక కెమెరా మాత్రమే ఉన్న గదిలో ఎందుకు వస్తోందో నాకు అర్థం కావడం లేదు. నోరు ఎండిపోతుంది, కాగితం పట్టుకున్న చేయి వణుకుతుంది, బాగా వచ్చిన డైలాగ్ కూడా నా నోటి నుంచే పరాయి మాటలా వినిపిస్తుంది.

అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది బయట వేచి ఉండే సమయం. పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియదు. నా వయసు, నా ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లే, దాదాపు నాలాంటి దుస్తులే వేసుకుని, అదే సన్నివేశాన్ని పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంటూ చుట్టూ కూర్చుంటారు. తలుపు వెనుక ఒకరు ఆ డైలాగును నేను ఊహించని తీరులో చెబుతుంటే, అంతవరకు బాగానే ఉందనుకున్న నా నటన ఒక్కసారిగా చప్పగా తోస్తుంది. లోపలికి వెళ్లేలోపు దాన్ని మార్చేయాలనిపిస్తుంది. ఇంతమందిలో నన్నెందుకు తీసుకుంటారన్న ఆలోచన మొదలైతే ఉన్న ఉత్సాహం కూడా మిగలదు.

ఈ భయాన్ని పూర్తిగా పోగొట్టుకోవడం సాధ్యమా, లేక దానితోనే పనిచేయడం నేర్చుకోవాలా? తోటివారితో పోల్చుకోవడాన్ని మీరు ఎలా అదుపులో పెట్టుకుంటారు? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం — రంగస్థల నటుడు

మీరు గమనించిన తేడా ఊహ కాదు, దానికి కారణం కూడా ఉంది. నాటకానికి వచ్చినవారు కథ చూడటానికి వస్తారు, ఆడిషన్ గదిలో కూర్చున్నవారు మిమ్మల్ని చూడటానికి కూర్చుంటారు. నాటకంలో తోటి నటుల చూపు, వేషం, వెలుగు, అప్పటిదాకా నడిచిన కథ అన్నీ కలిసి మిమ్మల్ని పాత్రలోకి తీసుకుపోతాయి. ఆడిషన్‌లో అవేవీ ఉండవు. నేల మీద నిలబడవలసిన చోట అంటించిన టేపు ముక్క, కెమెరా పక్కన కూర్చుని ఎదుటి పాత్ర మాటలను ఏ భావమూ లేకుండా చదివే ఒక మనిషి ఉంటారు, అంతే. కనుక నాటకంలో మీకు తెలియకుండానే జరిగిపోయే పనిని ఇక్కడ మీరు తెలిసి చేయవలసి వస్తుంది.

అనుభవం పెరిగితే భయం దానంతటదే పోతుందన్న నమ్మకాన్ని మాత్రం ముందే వదులుకోండి. బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలివియర్‌కు తీవ్రమైన వేదిక భయం పట్టుకున్నది కుర్రవాడిగా ఉన్నప్పుడు కాదు; 1960లలో, యాభై ఏళ్లు దాటి, ప్రపంచమంతా ఆయనను మహానటుడిగా ఒప్పుకున్న తరువాత. తన కళ్లలోకి సూటిగా చూడవద్దని తోటి నటులను ఆయన బతిమాలుకున్నారు. అయినా ఆ ఏళ్లలో ఆయన వేదిక దిగిపోలేదు. భయం ఉండటమూ, పని ఆగిపోవడమూ ఒకటి కావని చెప్పడానికే ఈ సంగతి ప్రస్తావిస్తున్నాను.

ఇక ఏం చేయాలి అంటే, నాకు తెలిసినంతలో అన్నిటికంటే పనికివచ్చేది రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ నేర్పిన ధ్యాస వలయాల అభ్యాసం. వేదిక మీద నటుడి దృష్టి ప్రేక్షకుల చీకటిలోకి జారిపోకుండా ఉండాలంటే, ముందు చేతిలోని వస్తువంత చిన్న పరిధిలో దాన్ని నిలిపి, అది కుదిరాక పక్క మనిషి వరకు, తరువాత గది మొత్తానికి విస్తరించాలని, చెదిరిపోతే మళ్లీ చిన్న వలయంలోకి తెచ్చుకోవాలని ఆయన చెప్పారు. పదిమంది చూస్తుండగా కూడా నటుడు ఒంటరిగా ఉండగలిగే స్థితి అలా వస్తుందని ఆయన అభిప్రాయం. ఆడిషన్‌లో మీ చిన్న వలయం ఆ డైలాగులు చదివే వ్యక్తి ముఖమే. ఆయన ఎంత చప్పగా చదివినా సరే, ఆయన నుంచి మీ పాత్రకు ఏదో ఒకటి కావాలి. క్షమాపణ కావచ్చు, డబ్బు కావచ్చు, ఆయన అక్కడి నుంచి వెళ్లిపోవడమే కావచ్చు. దాన్ని రాబట్టే పనిలో ఉన్నంతసేపు మీ గొంతు ఎలా ఉందో వినడానికి మీకు తీరిక ఉండదు. డైలాగ్ పరాయిగా వినిపిస్తోందన్నారు కదా, అది మీరు మాట్లాడటం మాని వినడం మొదలుపెట్టినందువల్లే.

బయట కూర్చున్నప్పుడు కూడా ఇదే సూత్రం. సన్నివేశం కాగితాన్ని మళ్లీ మళ్లీ చదవకండి. పాత్రకు ఏం కావాలో ఒక్క వాక్యంలో ముందురోజే కాగితం పైభాగాన రాసిపెట్టుకుని, అవసరమైతే ఆ వాక్యాన్ని మాత్రమే చూసుకోండి. తలుపు వెనుక వినిపించే నటన ఆ వాక్యానికి జవాబు కాదు, ఇంకెవరో రాసుకున్న మరో వాక్యానికి జవాబు. అయినా వినిపిస్తూనే ఉంటే, పిలుపు చూసుకునే వ్యక్తికి ఒక మాట చెప్పి కాస్త దూరంగా వెళ్లి నిలబడండి. దీనికి ఎవరూ తప్పుపట్టరు.

సమాధానం — క్యాస్టింగ్ సహాయకురాలు

బల్లకు అవతలి వైపు కూర్చునేదాన్ని కాబట్టి, ఆ గదిలో నిజంగా ఏం జరుగుతుందో చెబితే మీ భయం కొంత తగ్గవచ్చు. ఓపెన్ ఆడిషన్ మార్కుల పరీక్ష కాదు. వచ్చినవారందరినీ ఒకటి నుంచి చివరి దాకా వరుసలో పెట్టి పైనున్నవారిని తీసుకునే పద్ధతి ఎక్కడా ఉండదు. చెల్లెలి పాత్రకు మనిషిని వెతుకుతున్నామంటే, అన్నగా అప్పటికే ఖాయమైన నటుడి పక్కన ఆమె ఎత్తు, పోలిక, గొంతు ఎలా ఉంటాయన్నది నటనతో పాటే లెక్కలోకి వస్తుంది. ఎంతో బాగా చేసినవారిని వదులుకుని, వారికంటే కొద్దిగా తక్కువ చేసినవారిని తీసుకున్న సందర్భాలు మాకు మామూలే. వదులుకున్నవారి పేరు పక్కన మరో పాత్రకు గుర్తు పెట్టుకోవడమూ మామూలే. మీ పక్కన కూర్చున్నవారు మీ స్థానాన్ని లాక్కునేవారు కారు, ఎందుకంటే ఆ స్థానం ఆకారం ఎలా ఉందో మీకు గానీ వారికి గానీ తెలియదు.

మేము మీరు విఫలం కావాలని చూస్తామనుకోవడం కొత్తవారికి ఉండే పెద్ద అపోహ. ప్రతి తలుపు చప్పుడుకూ మాకు ఉండే ఆశ ఒక్కటే, ఈ వచ్చే మనిషితో ఈ పాత్ర వెతుకులాట ముగిసిపోవాలని. ఉదయం నుంచి అదే సన్నివేశం వింటూ అలసిపోయిన ముఖాలు మీకు కఠినంగా కనిపించవచ్చు. అది మీ మీద తీర్పు కాదు. మధ్యలో ఎవరైనా తల దించి రాసుకుంటున్నారంటే, ఎక్కువసార్లు అది మీ పేరు పక్కన వేసుకునే మంచి గుర్తే అయి ఉంటుంది.

బయట విన్నదాన్ని బట్టి మీ నటన మార్చుకోవడం గురించి అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. ఒకే సన్నివేశాన్ని ఒకే తీరులో వరుసగా చూసినప్పుడు మాకు ఎవరూ విడిగా గుర్తుండరు. తనదైన ఒక నిర్ణయంతో వచ్చిన మనిషి, ఆ నిర్ణయం మాకు నచ్చకపోయినా, గుర్తుంటారు. నచ్చకపోతే మేమే, ఇదే సన్నివేశాన్ని కోపం లేకుండా ఒకసారి చేసి చూపించండి, అని అడుగుతాము. ఈ రెండోసారి అడగటాన్ని చాలామంది తప్పు దిద్దడంగా తీసుకుని కుంగిపోతారు. నిజానికి మీ మీద ఆసక్తి లేకపోతే రెండోసారి అడగము, ధన్యవాదాలు చెప్పి పంపించేస్తాము. చెప్పిన మార్పును మీరు ఎంత త్వరగా అందుకుంటారన్నది మొదటిసారి చేసినదానికంటే ఎక్కువ విలువైన సమాచారం, ఎందుకంటే షూటింగ్‌లో దర్శకుడు చేయించుకునే పని సరిగ్గా అదే.

ఇక వణుకు సంగతి. కాగితం వణకడం కనిపిస్తుంది. దానికి మందు చాలా తేలిక: కాగితాన్ని గట్టి అట్టకు తగిలించుకోండి, లేదా డైలాగ్ పూర్తిగా నోటికి వచ్చి ఉంటే దాన్ని కింద పెట్టేయండి. మిగిలినది మీరు అనుకున్నంతగా మాకు కనిపించదు.

సమాధానం — మనస్తత్వశాస్త్ర బోధకుడు

పై సమాధానంలోని చివరి వాక్యానికి పరిశోధనల మద్దతు ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మన లోపలి కలవరం ఎదుటివారికి అద్దంలోంచి చూసినట్టు కనిపిస్తోందని మనం అనుకుంటాము. అది చాలావరకు భ్రమ. కెనెత్ సావిట్స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ప్రచురించిన ప్రయోగాలలో, ప్రసంగించినవారు తమ భయాన్ని శ్రోతలు గమనించినదానికంటే ఎక్కువగా అంచనా వేసుకున్నారు. అంతకంటే ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, ఈ భ్రమ గురించి ముందుగా వివరంగా చెప్పి పంపిన వక్తలు మిగిలినవారికంటే మెరుగ్గా మాట్లాడారు. భయపడుతున్నానన్న సంగతి అందరికీ తెలిసిపోతోందన్న రెండో భయమే మొదటిదాన్ని పెంచుతుంది. ఆ రెండోదాన్ని తీసేస్తే చాలావరకు పని జరుగుతుంది.

శరీరంలో జరిగేది కూడా తెలుసుకుని ఉండటం మంచిది. ముప్పు ఉందని మెదడు భావించినప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది, చర్మానికి రక్త ప్రసరణ తగ్గి చేతులు చల్లబడతాయి, కండరాలు సన్నగా వణుకుతాయి. ఇవేవీ మీ ప్రతిభ గురించి ఏమీ చెప్పవు. వీటిలో మన చేతిలో ఉన్నది శ్వాస ఒక్కటే. గాలి లోపలికి తీసుకునేటప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకుని, వదిలేటప్పుడు కొద్దిగా నెమ్మదిస్తుంది. అందువల్ల పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు సాగేలా కొన్ని నిమిషాలు ఊపిరి తీసుకుంటే ఉద్రేకం తగ్గుతుంది. అయితే బలవంతంగా, గబగబా లోతైన శ్వాసలు తీసుకుంటే తల తిరుగుతుంది. ఆడిషన్ల దగ్గర ఈ రెండో రకాన్నే ఎక్కువగా చూస్తుంటాము.

శాంతించు, శాంతించు అని మనసుకు చెప్పుకోవడం మాత్రం అంతగా పనిచేయదు. ఒక ఆలోచనను అణచాలని చూస్తే అదే పదేపదే వస్తుందని డేనియల్ వెగ్నర్ 1987లో తెల్ల ఎలుగుబంటి ప్రయోగంతో చూపించారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని ఎవరికి చెప్పారో వారి మనసులోకి అది వస్తూనే ఉంది. దీనికి మారుగా ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధన ఒక సులువైన దారి చూపుతుంది. కరోకే పాటకు, ప్రసంగానికి, లెక్కల పరీక్షకు ముందు తాము ఉత్సాహంగా ఉన్నామని చెప్పుకున్నవారు, ప్రశాంతంగా ఉన్నామని చెప్పుకున్నవారికంటే మెరుగ్గా రాణించారు. భయంలోనూ ఉత్సాహంలోనూ గుండె ఒకే తీరుగా కొట్టుకుంటుంది కాబట్టి, ఒకదాన్ని మరొకటిగా భావించడం శరీరానికి తేలిక. ఉద్రేకం నుంచి ఒక్కసారిగా ప్రశాంతతలోకి దిగడం కష్టం.

మీరు చెప్పిన నిరుత్సాహానికి కూడా ఒక పేరుంది. పోటీదారుల సంఖ్య పెరిగేకొద్దీ పోటీపడాలన్న పట్టుదల తగ్గుతుందని స్టీఫెన్ గార్సియా, అవిషలోమ్ టోర్ 2009లో చూపించి, దాన్ని ఎన్-ప్రభావం (ఎన్ అంటే పోటీదారుల సంఖ్య) అన్నారు. వారి ప్రయోగాలలో ఒకదానిలో, పదిమందిలో వేగంగా ముగించే మొదటి 20 శాతానికి బహుమతి అని విన్నవారు, వందమందిలో మొదటి 20 శాతానికి బహుమతి అని విన్నవారికంటే త్వరగా పని పూర్తి చేశారు. గెలిచే అవకాశం ఇద్దరికీ సమానమే. అంటే, వరండాలో కూర్చున్న జనాన్ని చూసి మీలో ఉత్సాహం చప్పబడటం మీ బలహీనత కాదు, గుంపు పెద్దదైనప్పుడు మనుషులలో సాధారణంగా కలిగే స్పందన. లోపలికి వెళ్లేలోపు మీ మనసులోని గుంపును చిన్నది చేసుకోండి. ఆ గదిలో ఆ నిమిషంలో ఉండేది మీరు ఒక్కరే కదా.

సమాధానం — నిలకడ

మనసుకు చెప్పుకునే మాటల మీద నాకు అంత నమ్మకం లేదు. ఉత్సాహంగా ఉన్నానని అనుకున్నంత మాత్రాన సగం నేర్చిన డైలాగ్ పూర్తిగా రాదు. ఇతరులు చూస్తున్నప్పుడు బాగా అలవాటైన పని మెరుగుపడుతుందని, సరిగా రాని పని ఇంకా చెడిపోతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జయాన్స్ 1965లోనే వివరించారు. తరువాత బొద్దింకల మీద కూడా ఆయన బృందం దాన్ని పరీక్షించింది. తోటి బొద్దింకలు చూస్తుండగా అవి తిన్నని దారిలో త్వరగా పరుగెత్తాయి, మలుపుల దారిలో ఆలస్యమయ్యాయి. నటులను బొద్దింకలతో పోల్చినందుకు ఎవరూ నొచ్చుకోవద్దు, కానీ సంగతి అదే. డైలాగ్ వచ్చు అనుకున్న చోట ఆగకండి. మెట్లెక్కి గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు చెప్పండి, గిన్నెలు తోముతూ చెప్పండి, పెద్దగా పరిచయం లేని వ్యక్తిని కూర్చోబెట్టి ఆయన ముఖంలో ఏ భావమూ చూపించవద్దని కోరి ఆయన ముందు చెప్పండి. గుండె దడలోనూ నిలిచే డైలాగ్ మాత్రమే ఆడిషన్ గదిలో మీ వెంట ఉంటుంది.

అయితే ఒక జాగ్రత్త. మాటలను నోటికి పట్టండి, పలికే తీరును పట్టకండి. స్వరంతో సహా బిగించుకుని వెళ్లినవారు, పై సోదరి చెప్పిన రెండో ప్రయత్నం దగ్గర చిక్కుకుపోతారు.

ప్రశ్న అడిగినవారు — కొత్త ముఖం

అందరికీ కృతజ్ఞతలు. రెండోసారి చేయమని అడగడం మంచి సంకేతమని నాకు ఇంతవరకు తెలియదు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. గుండె దడ తగ్గించే మాత్ర ఒకటి వేసుకుని వెళ్తే చేతులు వణకవని వరుసలో ఒకరు చెప్పారు, అది నిజమేనా? మొదలుపెట్టాక డైలాగ్ తడబడితే మళ్లీ మొదటి నుంచి చేస్తానని అడగవచ్చా?

సమాధానం — మనస్తత్వశాస్త్ర బోధకుడు

వారు చెప్పింది బహుశా ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్ (అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు) గురించి కావచ్చు. 1960లలో గుండె జబ్బుల కోసం జేమ్స్ బ్లాక్ రూపొందించిన మందు అది; ఆ కృషికి కూడా ఆయనకు 1988లో నోబెల్ బహుమతి లభించింది. ఈ రకం మందులు వేదిక భయంలో శరీరపు లక్షణాలను, ముఖ్యంగా వణుకును, తగ్గిస్తాయన్నది నిజం. సంగీత విద్వాంసుల మీద ఆక్స్‌ప్రెనలాల్ అనే ఇలాంటి మందును పరీక్షించిన అధ్యయనం 1977లోనే వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. కానీ అవి ప్రధానంగా శరీరం మీద పనిచేస్తాయి, నన్నెందుకు తీసుకుంటారన్న ఆలోచన వాటితో పోదు. ఉబ్బసం ఉన్నవారికి ఇవి ప్రాణాపాయం తేగలవు, రక్తపోటు తక్కువగా ఉన్నవారికీ గుండె నెమ్మదిగా కొట్టుకునేవారికీ పనికిరావు. పైగా వాద్యం వాయించే చేయి వణకకుండా ఉంటే చాలు గానీ, నటుడికి ఆ ఉద్రేకంలో కొంత భాగం పాత్రకే కావాలి. ఏది ఏమైనా, వరుసలో ఎవరో ఇచ్చిన మాత్ర వేసుకోకండి. భయం మీ రోజువారీ జీవితాన్ని కూడా అడ్డుకుంటుంటే వైద్యుడిని కలవండి.

సమాధానం — క్యాస్టింగ్ సహాయకురాలు

రెండో సందేహానికి నేను చెబుతాను. మొదటి రెండు మూడు మాటలలోనే తడబడితే, క్షమాపణల ప్రసంగం లేకుండా, మళ్లీ మొదలుపెడతానని ఒక్క మాట అని మొదలుపెట్టండి, ఎవరూ కాదనరు. సగం దాటాక తడబడితే ఆగకండి. పాత్ర కూడా మాట కోసం వెతుక్కుంటుంది కాబట్టి, మీరు పాత్రలోనే ఉండి వెతుక్కుంటే అది తప్పుగా కనిపించదు, చాలాసార్లు సహజంగా కూడా ఉంటుంది. మాట పూర్తిగా మరిచిపోతే కాగితం చూడండి. సన్నివేశం అప్పటికప్పుడు చేతికి ఇచ్చిన రోజుల్లో అయితే కాగితం చూడటం మేము ముందే ఊహించిన విషయం. మేము గమనించేది ఆగిన క్షణంలో మీ ముఖాన్ని. కొందరు నాలుక కరుచుకుని, తల అడ్డంగా ఊపి, పాత్రను అక్కడే వదిలేస్తారు. అలా వదిలేసిన తరువాత తిరిగి పాత్రలోకి వెళ్లడానికి పట్టే సమయం, కాగితం చూసి కొనసాగించడానికి పట్టే సమయం కంటే చాలా ఎక్కువ.

ముగిశాక ఎలా చేశానని మమ్మల్ని అడగవద్దు. ఆ నిమిషంలో మా దగ్గర జవాబు ఉండదు, దర్శకుడు మీ నటన రికార్డు చేసిన టేపు చూడకుండా చెప్పడానికి మాకు అధికారమూ ఉండదు. ఫోన్ నంబరు సరిగా రాశారో లేదో మాత్రం ఒకసారి చూసుకుని వెళ్లండి. కాల్‌బ్యాక్ (మరోసారి పిలిచి చూడటం) కోసం మేము ఫోన్ చేసినప్పుడు అంకె తప్పుగా ఉన్నందువల్ల అందని మంచి నటులు ప్రతి ప్రాజెక్టులోనూ కొందరు ఉంటారు.